కాపలా లేని కొండ బసలు

నార్వే కొండల్లో రోజంతా నడిచిన మనిషి సాయంత్రానికి ఒక చెక్క ఇంటి ముందు ఆగుతాడు. దగ్గర్లో ఊరు లేదు, రోడ్డు లేదు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరుస్తాడు. లోపల మనుషులెవరూ లేరు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. గదిలో ఇనుప పొయ్యి, దాని పక్కన చీల్చిపెట్టిన బర్చ్ కట్టెలు, అగ్గిపెట్టె ఉంటాయి. వంటగదిలో గ్యాస్ పొయ్యి, గిన్నెలు, కప్పులు, రెండు రకాల బకెట్లు. ఒకటి వాగు నుంచి మంచినీళ్లు తెచ్చుకోవడానికి, రెండోది మురుగునీళ్లు బయట పారబోయడానికి. పక్క గదుల్లో ఒకదానిపై ఒకటి మంచాలు, వాటి మీద దుప్పట్లు, దిండ్లు. ఒక మూల అల్మరాలో తిండి సామాను: ఓట్స్, పాస్తా, సూప్ పొట్లాలు, కరకరలాడే ఎండు రొట్టె, జామ్, కాఫీ, డబ్బాల్లో మాంసం, చేప. గోడకు ధరల పట్టిక. కావలసింది తీసుకుని, వండుకుని, తిని, పడుకోవచ్చు. పొద్దున్నే లేచి అంట్లు తోమి, నేల ఊడ్చి, బూడిద ఎత్తి, కట్టెలు కొట్టి పెట్టె నింపి, తీసుకున్న సరుకులకూ పడుకున్న మంచానికీ తనే లెక్క వేసుకోవాలి. పాత పద్ధతిలో అయితే ఒక ఫారం నింపి, కార్డు నంబరు రాసి, గోడకు బిగించిన ఇనుప పెట్టెలో వేయాలి. ఇప్పుడైతే కొండ దిగి సిగ్నల్ అందాక యాప్‌లో కట్టేయొచ్చు. తాళం వేసి తన దారిన తాను వెళ్లిపోతాడు. ఏం తిన్నాడో, ఎంత కట్టాడో చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఇది విన్నవాళ్లు సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటారు. నార్వే వాళ్లు పుట్టుకతోనే నిజాయితీపరులు, మనవల్ల కాదులే అన్నది ఒకటి. డబ్బున్న చిన్న దేశం, వాళ్లకేం, ఎన్నయినా చేస్తారు అన్నది రెండోది. రెండు మాటలూ ఆలోచించే శ్రమను తప్పిస్తాయి తప్ప విషయాన్ని వివరించవు. ఈ కొండ బసల చరిత్రనూ నడిచే తీరునూ దగ్గరగా చూస్తే అక్కడ కనిపించే నమ్మకం రక్తంలోంచి వచ్చినది కాదని, నూటయాభై ఏళ్లకు పైగా ఒక్కో నియమం, ఒక్కో అలవాటు, ఒక్కో చట్టం పేర్చుకుంటూ కట్టుకున్నదని తెలుస్తుంది. మోసం చేయడం కష్టంగానూ, నిజాయితీగా ఉండటం తేలికగానూ ఉండేలా ఆ ఏర్పాటును మలిచారు. ఈ తేడా మనకు ముఖ్యం. ఎందుకంటే పుట్టుకతో వచ్చేదాన్ని ఎవరూ నేర్చుకోలేరు, కట్టుకున్నదాన్ని ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఈ బసలను నడిపేది ప్రభుత్వం కాదు. 1868లో పుట్టిన ఒక సభ్యుల సంఘం. దాని నార్వేజియన్ పేరు పెద్దది, అందరూ డీఎన్‌టీ అని పిలుస్తారు. సుమారు 55 లక్షల జనాభా ఉన్న దేశంలో దానికి 3 లక్షలకు పైగా సభ్యులు, 50కి పైగా స్థానిక శాఖలు, 550కి పైగా బసలు ఉన్నాయి. బసలు మూడు రకాలు. మొదటి రకంలో సిబ్బంది ఉంటారు. వేడి భోజనం పెడతారు, తడిసిన బట్టలూ బూట్లూ ఆరబెట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక గది ఉంటుంది, పొద్దుటి ఫలహారాల బల్ల మీద నుంచే మధ్యాహ్నానికి రొట్టెముక్కలు కట్టుకుని ఫ్లాస్కు నింపుకుని బయల్దేరతారు. రెండో రకం పైన చెప్పినది, సరుకులున్నా మనుషులుండరు. మూడో రకంలో మంచం, పొయ్యి, గిన్నెలు ఉంటాయి, తిండి మాత్రం ఎవరిది వాళ్లే మోసుకెళ్లాలి. బాటసారికి నీడనివ్వడం అనే పని వరకు ఇవి మన పాత సత్రాల్లాంటివే. అయితే సత్రాన్ని కట్టించింది పుణ్యం కోరిన దాత, అందులో దిగినవాడు అతిథి. ఇక్కడ కట్టినవాళ్లూ దిగేవాళ్లూ ఒకరే. ఈ ఒక్క తేడా నుంచే మిగతావన్నీ పుట్టాయి.

డబ్బున్న దేశం అన్న మాటను ముందు తేల్చుకుందాం. 1868లో నార్వే స్వీడన్ రాజు కింద ఉన్న పేద దేశం. సాగు భూమి తక్కువ, సంతానం ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలిపి దాదాపు 8 లక్షల మంది నార్వేజియన్లు అమెరికాకు వలస పోయారు. జనాభా దామాషాలో చూస్తే యూరప్‌లో ఐర్లండ్ తర్వాత అంతగా ఖాళీ అయిన దేశం అదే. సరిగ్గా ఆ వలసల కాలంలోనే ఈ సంఘం పుట్టింది. దేశానికి ఇప్పుడున్న సంపదను తెచ్చిపెట్టిన ఉత్తర సముద్రపు చమురు 1969 చివర్లో బయటపడింది. అప్పటికే సంఘానికి నూరేళ్లు నిండాయి. అంటే డబ్బు వచ్చాక నమ్మకం రాలేదు. డబ్బు లేనప్పుడు మొదలైన ఏర్పాటు డబ్బు వచ్చాక కూడా చెడిపోకుండా నిలిచింది. నిజానికి ఇదే ఎక్కువ ఆశ్చర్యపడవలసిన విషయం. 

అలాగని ఆ మొదటి రోజులను మరీ గొప్పగా ఊహించుకోకూడదు. సంఘం పెట్టడంలో ముందున్నవాడు థామస్ హెఫ్త్యె అనే బ్యాంకరు, ఆనాటి రాజధాని సంపన్నుడు. మొదటి సభ్యులు చాలామంది పట్నపు పెద్దమనుషులే. 1868లోనే టెలిమార్క్‌లో ర్యూకన్ జలపాతం చూడవచ్చేవారి కోసం క్రోకన్ అనే చోట సంఘం తన మొదటి బసను కొన్నది. 1871లో యోటున్‌హైమెన్ పర్వతాల మధ్య యెండె సరస్సు చివర యెండెబు కట్టింది. దానికి నాలుగేళ్ల ముందే, 1867లో, హెన్రిక్ ఇబ్సెన్ తన ‘పేర్ గింట్’ నాటకంలో ఆ సరస్సు మీది కొండ అంచును దేశమంతటికీ పరిచయం చేశాడు. ఉన్నవాళ్ల విహారంగా మొదలైన ఈ నడక అందరి హక్కుగా ఎలా మారిందన్నది అసలు ప్రశ్న. దానికి సమాధానం కొండల్లో లేదు, కార్మిక చట్టాల్లో ఉంది. 1919లో ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. 1936 చట్టం కార్మికులకు ఏడాదికి 9 రోజుల సెలవు ఇచ్చింది, 1947లో అది 3 వారాలైంది. సెలవు లేనివాడికి కొండ ఎంత దగ్గరున్నా దూరమే కదా. ఆ తర్వాత 1957లో వచ్చిన చట్టం, సాగులో లేని భూమి ఎవరిదైనా సరే, దాని మీద నడిచే హక్కు ప్రతి మనిషికీ ఉందని రాసిపెట్టింది. ఇంటికి 150 మీటర్ల దూరం పాటిస్తే యజమానిని అడగకుండానే డేరా వేసుకుని రెండు రాత్రులు ఉండొచ్చు. తరతరాల వాడుకను చట్టం చేయడం వల్ల నడిచేవాడు దొంగలా దాక్కోవలసిన పని లేకుండా పోయింది. భూమి యజమానికీ తన పంటచేను, పెరడు భద్రంగా ఉంటాయన్న హామీ దొరికింది. ఇద్దరి హద్దులూ తేటగా ఉన్నచోట తగువులు తక్కువ.

ఇక తాళంచెవి సంగతి. తాళం ఉన్న బసల్లో చాలావాటికి ఒకే రకం చెవి సరిపోతుంది. దాన్ని సంఘం చిన్న డిపాజిట్ తీసుకుని సభ్యులకు మాత్రమే ఇస్తుంది. చూడటానికి మామూలు ఇనుప ముక్కే, అది చేసే పని మాత్రం పెద్దది. చెవి ఉన్నదంటే సంఘం పుస్తకాల్లో మీ పేరు, చిరునామా ఉన్నట్టే. బసలోకి అడుగుపెట్టగానే అక్కడి పుస్తకంలో పేరు, తేదీ, ఎక్కడి నుంచి వచ్చారు, రేపు ఎక్కడికి వెళ్తున్నారు అన్నది రాయాలి. తప్పిపోయినవాళ్లను వెదికే రక్షణ దళానికి మొదట పనికొచ్చేది ఆ పేజీయే. అదే పేజీ ఆ రాత్రి అక్కడ పడుకున్నవాళ్లెవరో కూడా చెబుతుంది. ఎవరూ చూడటం లేదన్నది పైకి కనిపించే మాట. నిజానికి మనిషి తన పేరు తనే రాసి లోపలికి వస్తున్నాడు. ప్రాణరక్షణ కోసం రాసిన పేరు ముందు అబద్ధపు లెక్క రాయడానికి చెయ్యి అంత సులువుగా రాదు.

ఎగ్గొట్టేవాళ్లు అసలే ఉండరా అని అడగవచ్చు. ఎందుకుండరు? లక్షలమంది వాడే చోట డబ్బు కట్టకుండా పోయేవాళ్లు కొందరు తప్పకుండా ఉంటారు. అయితే లెక్క వేసి చూడండి. ఇరవై మంచాలున్న ఒక బస దగ్గర ఏడాది పొడవునా కాపలా మనిషిని పెట్టాలంటే నార్వే జీతాల్లో ఎంతవుతుంది? అతనికి తిండి, కట్టెలు, సెలవుల్లో మారు మనిషి, ఇవన్నీ కలిపితే ఎగవేతల నష్టం ఆ ఖర్చు ముందు ఏపాటి? చలికాలంలో వారాల తరబడి ఒక్కరూ రాని చోట ఆ కాపలాదారు ఎవరిని కాయాలి? పైగా అక్కడ దోచుకోవడానికి ఉన్నదేమిటి? సూప్ పొట్లాలు, మాంసం డబ్బాలు, దుప్పట్లు. దొంగిలిస్తే వాటిని గంటల తరబడి వీపున మోసుకుని కొండ దిగాలి. బసల్లో ఖరీదైన వస్తువు ఉంచకపోవడం, అవసరమైన వస్తువుకు లోటు రానీయకపోవడం తెలివైన ఏర్పాటు. కాబట్టి ఆ ఖాళీ ఇల్లు అమాయకత్వానికి గుర్తు కాదు. ఎంత కాపలా పెడితే ఎంత మిగులుతుందో ఆలోచించి తీసుకున్న నిర్ణయం. నమ్మడం చవకైన చోట నమ్మారు, చవకగా ఉండేలా మిగతావన్నీ అమర్చారు.

వాతావరణం కూడా ఇందులో ఒక పక్షం. యోటున్‌హైమెన్‌లో నార్వే మొత్తంలోకెల్లా ఎత్తయిన గల్‌హోపిగ్గెన్ శిఖరం 2469 మీటర్లే. హిమాలయాల లెక్కలో ఇది చిన్న గుట్ట. కానీ అక్షాంశం 60 డిగ్రీలు దాటాక ఎత్తు ఒక్కటే లెక్కకు రాదు. వేసవి నడిమధ్యలో కూడా వర్షం మంచుగా మారుతుంది, ఎదురుగా ఉన్న కొండ కాసేపట్లో మాయమవుతుంది, చలిగాలి ఎముకల్లోకి దిగుతుంది. 1967 ఈస్టర్ సెలవుల్లో నార్వే కొండల్లో 18 మంది చనిపోయారు. దేశం కదిలిపోయింది. రెడ్‌క్రాస్, డీఎన్‌టీ కలిసి కొండకు వెళ్లేవారు పాటించవలసిన నియమాలను ఊరూరా ప్రచారం చేశాయి, 2016లో వాటిని సవరించాయి. వెళ్లే దారి ఎవరికైనా చెప్పి వెళ్లడం, వాతావరణ సూచన చూడటం, మ్యాపు, దిక్సూచి వాడటం తెలిసి ఉండటం, సమయానికి వెనక్కి తిరగడం వాటిలో ముఖ్యమైనవి. వెనక్కి తిరగడంలో సిగ్గుపడవలసిందేమీ లేదని ఆ నియమాల్లోనే ఉంది. నార్వేలో బడి పిల్లలకు కూడా ఈ మాట తెలుసు. తుపానులో చిక్కినవాడికి తాళం తీసిన బసలో కట్టెలు పేర్చి ఉన్నాయా లేదా అన్నది ఒక్కోసారి చావుబతుకుల విషయం. అందుకే కట్టెల పెట్టె నింపి వెళ్లాలన్న నియమాన్ని అక్కడ మర్యాద కింద చూడరు. నిన్న ఎవరో నింపినందువల్లే ఈ రాత్రి తాను వెచ్చగా ఉన్నానని అందరికీ తెలుసు. ఈ కష్టమైన వాతావరణం లేకపోతే ఈ ఏర్పాటు ఇంత గట్టిగా నిలిచేది కాదనే నా అభిప్రాయం.

వాడుకునేవాళ్లే కట్టినవాళ్లు అన్నానే, అది పుస్తకాల్లో రాసుకున్న ఆదర్శం కాదు. దేశమంతటా సుమారు 22,000 కిలోమీటర్ల వేసవి దారులకు ఎర్ర రంగుతో ‘టీ’ అక్షరం గుర్తు ఉంటుంది. రాళ్ల కుప్పల మీద, బండల మీద ఆ గుర్తు కనిపిస్తూ ఉంటే పొగమంచులో కూడా దారి తప్పరు. ఎండకూ మంచుకూ ఆ రంగు వెలిసిపోతుంది, చలికాలపు బరువుకు కుప్పలు కూలిపోతాయి. ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు రంగు డబ్బా పట్టుకుని ఆ దారంతా నడవాలి, రాళ్లు తిరిగి పేర్చాలి, వాగుల మీద చెక్క వంతెనలు బాగుచేయాలి. చలికాలం చివర, ఈస్టర్‌కు ముందు, స్కీయింగ్ దారుల వెంట మంచులో చెట్టు కొమ్మలు పాతుకుంటూ పోవాలి. ఈ పనిలో చాలాభాగం స్థానిక శాఖల సభ్యులు జీతం లేకుండా చేసేదే. ఇలా కలిసి చేసే ఉచిత శ్రమను అక్కడ దుగ్నాద్ అంటారు. బస గోడలకు రంగు వేయడం, దొడ్డి శుభ్రం చేయడం, మంచు మీద స్కూటర్లతో కట్టెలూ గ్యాసూ చేరవేయడం కూడా దుగ్నాద్‌లోకే వస్తాయి. 2011 క్రిస్మస్ సమయంలో దాగ్మార్ తుపాను యోస్తెదాల్ హిమానీనదం దగ్గరి తుంగెస్టోలెన్ బసను నేలమట్టం చేసింది. లూస్టర్ అనే చిన్న ప్రాంతపు స్థానిక శాఖ దాన్ని అక్కడితో వదిలేయలేదు. విరాళాలు పోగుచేసి, స్నోహెట్టా అనే పేరున్న నిర్మాణ సంస్థతో కొత్త నమూనా గీయించి, 2019లో మళ్లీ తెరిచింది. తన చేత్తో మేకు కొట్టినవాడు ఆ మేకును ఇంకొకడు పీకుతుంటే చూస్తూ ఊరుకోడు. అందుకే ఆ ఖాళీ బసలకు కనిపించని కాపలాదారులు చాలామంది ఉన్నారు.

సిబ్బంది ఉన్న బసల్లో ఇంకో పాత నియమం ఉంది, నాకు అన్నిటికంటే నచ్చినది అదే. నడిచి వచ్చినవాణ్ణి చోటు లేదని తిప్పి పంపరు. మంచాలు నిండిపోతే హాల్లో పరుపులు వేస్తారు, అవీ నిండితే భోజనాల గది నేల మీద సర్దుతారు. సిబ్బంది లేని బసల్లో కూడా వరసగా మూడు రాత్రులు ఉన్నవాడు కొత్తగా వచ్చినవాడికి మంచం వదలాలి. ముందు వచ్చినవాడికే హక్కు అన్న లోకరీతికి ఇది పూర్తిగా ఎదురు. 2020లో కోవిడ్ రావడంతో మనుషుల సంఖ్యను అదుపు చేయక తప్పలేదు. చాలా బసల్లో ముందస్తు బుకింగ్ మొదలైంది, మహమ్మారి పోయినా బుకింగ్ పోలేదు. దాన్ని సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేయలేం. చిన్నపిల్లలతో నడిచే కుటుంబానికి, వయసు మళ్లినవాళ్లకు, రాత్రికి మంచం ఉందన్న భరోసా లేకపోతే బయల్దేరడానికే ధైర్యం చాలదు. కానీ బుక్ చేసుకుని రానివాళ్ల వల్ల మంచాలు ఖాళీగా ఉండటం, బుకింగ్ పోతుందని వాన కురుస్తున్నా అదే రోజు బయల్దేరడం వంటి కొత్త చిక్కులు దీనితో వచ్చాయి. వాతావరణాన్ని బట్టి రోజులు మార్చుకునే స్వేచ్ఛ కొండ నడకకు ప్రాణం. తేదీకి కట్టుబడితే ఆ స్వేచ్ఛ పోతుంది, వెనక్కి తిరగాలన్న నియమం బలహీనపడుతుంది. కొన్ని మంచాలను బుకింగ్‌కు, మిగతావాటిని నడిచి వచ్చేవాళ్లకు ఉంచడమే న్యాయమని నేననుకుంటాను.

ఈ బసల మీద వచ్చే అభ్యంతరాల్లో నిజంగా బరువైనది మనుషుల గురించి కాదు, జంతువుల గురించి. యూరప్‌లో అడవి కొండ రెయిన్‌డీర్ మందలు మిగిలింది ప్రధానంగా దక్షిణ నార్వే కొండల్లోనే. మనిషిని చూస్తే బెదిరి పారిపోయే జంతువులవి. చలికాలంలో రాతిపాచి దొరికే చోటుకూ, వేసవి మేతకూ, ఈనే చోటుకూ మధ్య వందల ఏళ్లుగా తిరుగుతూ ఉంటాయి. ఆ దారులకు అడ్డంగా రోడ్లు, రైలుమార్గాలు, జలవిద్యుత్ జలాశయాలు, 4 లక్షలు దాటిన ప్రైవేటు సెలవు ఇళ్లు వచ్చాయి. వాటితో పాటు గుర్తులు వేసిన నడక దారులు, బసలు కూడా వచ్చాయి. 2021లో ఈ జంతువు ముప్పుకు చేరువైన జాతిగా నార్వే రెడ్ లిస్టులో మొదటిసారి చేరింది. 2022లో పది ప్రధాన మందల ప్రాంతాలను నిపుణులు అంచనా వేస్తే ఆరింటి పరిస్థితి నాసిగా ఉందని, ఒక్కటి కూడా బాగా లేదని తేలింది. దేశంలో మొట్టమొదటి జాతీయ పార్కు అయిన రొండానె (1962) కూడా ఈ చర్చలో నలుగుతోంది. కొన్ని దారులను సంఘం ఇప్పటికే పక్కకు జరిపింది, ఇంకొన్నిటిని మూయాలా, బసలను తరలించాలా అన్న వాదన వేడిగా సాగుతోంది. అసలు నష్టం రోడ్లవల్ల, జలాశయాలవల్ల జరిగింది, నడిచేవాణ్ణి ఎందుకు తప్పుపడతారు అనే వాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. జలాశయాన్ని ఎత్తి పక్కన పెట్టలేం కాబట్టి కదిలించడానికి వీలున్న దారి మీదే భారం పడటం అన్యాయంగానే తోస్తుంది. అయినా నా మొగ్గు మందల వైపే. బసను ఇంకో లోయలో కట్టుకోవచ్చు. ఈనే చోటు పోయిన మంద ఇంకో కొండను వెతుక్కోలేదు. ఉమ్మడి ఆస్తిని తర్వాతివాళ్ల కోసం కాపాడటం మీద నిలిచిన సంఘం ఈ విషయంలో ముందు నడిస్తేనే దాని మాటకు విలువ ఉంటుంది.

జనం రద్దీ గురించి కూడా ఒక మాట. యెండె సరస్సు మీద యెండెస్‌హైమ్ నుంచి మెమురుబు దాకా పడవలో వెళ్లి, బెస్సెగ్గెన్ అనే సన్నని కొండ అంచు మీదుగా నడిచి తిరిగి రావడం దేశంలో అందరికీ తెలిసిన దారి. ఒకవైపు దిగువన హిమానీనదాల పొడి కలిసిన ఆకుపచ్చ సరస్సు, ఇంకోవైపు దానికంటే దాదాపు 400 మీటర్ల ఎత్తులో నీలి బెస్‌వాత్నెట్. వేసవిలో అక్కడ వరస కట్టి నడుస్తారు. ఇలాంటి ఒకటి రెండు చోట్లను చూసి కొండలన్నీ నిండిపోయాయని అనుకోవడం పొరపాటు. అదే యోటున్‌హైమెన్‌లో ఒక లోయ అవతలికి వెళ్తే నిశ్శబ్దం. ఫన్నారోకెన్ శిఖరం మీద ఒకప్పటి వాతావరణ పరిశీలనా కేంద్రం ఇప్పుడు 2068 మీటర్ల ఎత్తున సంఘానికి అన్నిటికంటే ఎత్తయిన బస. అక్కడికి చేరాలంటే నిటారుగా ఎక్కక తప్పదు. ఫోటోలు ఒకే చోటికి మనుషులను తోలుతున్నాయి, కొండలు మాత్రం విశాలంగానే ఉన్నాయి.

చివరగా ఖర్చు. ఈ బసలు ఉచితం కావు. మంచానికి వందల క్రోనర్లు పడతాయి, సభ్యులు కానివాళ్లకు ఇంకా ఎక్కువ, సరుకులు పట్నం కంటే ఖరీదు. అందువల్ల ఇదంతా మధ్యతరగతి వ్యవహారమేనని కొందరు అంటారు. పూర్తిగా కాదనలేను. అయితే 1957 చట్టం వల్ల డేరాకు ఖర్చు లేదు. పశ్చిమ నార్వేలో పూర్వపు సోగ్న్ ఓగ్ ఫ్యూర్దానె జిల్లా మరో అడుగు ముందుకు వేసి తన 26 మునిసిపాలిటీల్లోనూ ఒక్కొక్క చిన్న పగటి బస కట్టించింది. వాటికి తాళం లేదు, రుసుము లేదు, పొయ్యీ కొన్ని పుస్తకాలూ ఉంటాయి. ఊరి నుంచి కాసేపు నడిచి వెళ్లి కూర్చుని రావడానికి అంతకంటే అక్కర్లేదు. ఈ దిశలో ఇంకా చాలా జరగాలి.

నార్వేలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకూ, వాళ్లను చూడటానికి వేసవిలో వెళ్లే తల్లిదండ్రులకూ ఒక సూచన. పెద్ద శిఖరం ఏదీ ఎక్కనక్కర్లేదు. ఓస్లో–బెర్గెన్ రైలు 1222 మీటర్ల ఎత్తులోని ఫిన్సె స్టేషన్‌లో ఆగుతుంది. అక్కడికి కారు రోడ్డు లేదు, సిబ్బంది ఉన్న బస మాత్రం స్టేషన్‌కు దగ్గరే. ఎత్తయిన చోట్ల జూన్‌లో కూడా మంచు ఉంటుంది కాబట్టి జూలై మధ్య నుంచి ఆగస్టు చివరి లోపు వెళ్లండి, ఆ బస తెరిచి ఉందో లేదో ముందే చూసుకోండి. సభ్యత్వం తీసుకోండి, పరుపు మీద పరిచే సంచి దుప్పటి వెంట ఉంచుకోండి, శాకాహారులైతే ఆ మాట ముందే చెప్పండి. సిబ్బంది లేని బసలో దిగితే పుస్తకంలో పేరు రాయండి, వాడిన ప్రతి పొట్లానికీ డబ్బు కట్టండి, కట్టెల పెట్టె నింపి బయల్దేరండి. వాతావరణం పాడైతే మాత్రం బుకింగ్ పోయినా సరే, ఆ రోజు నడవకండి.